ట్యాంకరు నింపుతానన్న మాట

ఆ ఏడాది ఏప్రిల్ మొదట్లోనే ముదిగుబ్బ చుట్టుపక్కల పల్లెల్లో చేతిపంపులు గాలి తోడటం మొదలుపెట్టాయి. జనం పనికి పోయేలోపే నీళ్ల ట్యాంకరు ఊళ్లోకి రావాలి. రాకపోతే ఆ రోజు చెడినట్టే. కొండకిందపల్లిలో మారెక్క ఆ పొద్దున అందరికంటే ముందే బిందెలు వరసలో పెట్టుకుంది. ఎండ చురుక్కుమంటున్నా ట్యాంకరు జాడ లేదు. వరసలో ఉన్న ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆమె వైపు చూడసాగారు. దానికి కారణముంది. ఏ ట్యాంకరు ఏ బోరు దగ్గర నింపుకోవాలో, ఏ ఊరికి పోవాలో డ్రైవర్ల ఫోన్లకు చెప్పే సాఫ్ట్‌వేర్‌ను అనంతపురంలో ఒక చిన్న ఆఫీసు తయారుచేసింది. ఆ ఆఫీసులో మారెక్క కూతురు హేమావతి ప్రోగ్రామరు.

మారెక్క కూతురికి ఫోన్ చేసింది.

"పాపా, మీ కంప్యూటరు మా ఊరు యాడుండాదో మర్చిపోయిందేమో అడుగు."

"ఏమయిందిమా?"

"ఏమయ్యేదేముండాది? బిందెలు ఎండకు కాగుతాండాయి. తిప్పేష్‌కు ఫోన్ చేస్తే, ఎండిపోయిన బోరు కాడ నిలబడుకోనుండా అంటాండాడు. ఆడికే పొమ్మని ఫోన్లో వచ్చిందంట. అది నువ్వు రాసిందేనా?"

"నేనొక్కదాన్నే రాయలేదుమా. చూస్తా ఉండు."

"చూసి బిరీన చెప్పు. ఈడ అందరూ నా మొగమే చూస్తాండారు."

హేమావతి వెంటనే తిప్పేష్‌కు చేసింది. అతను ట్యాంకర్ల సంఘంలో పాత డ్రైవరు. ఊరికే నోరు పారేసుకునే మనిషి కాదు. ఆ రోజు మాత్రం గొంతులో విసుగు తెలుస్తూనే ఉంది.

"మోటరు వేస్తే ఉత్త గాలి బుస్సుమంటాండాదమ్మా. ఈ బోరు చూసుకునే రంగన్న, నీళ్లు అయిపోయినాయని నిన్న సాయంత్రమే మెసేజ్ పెట్టినాడంట. మీకు చేరలేదా?"

"చూస్తానన్నా. నువ్వు ముందు రైల్వేగేటు కాడి బోరుకు పో. నింపుకొని నేరుగా మా ఊరికి తోలు."

"ఆడ నీళ్లుండాయని కంప్యూటరు చెప్తాండాదా, నువ్వు చెప్తాండావా?"

"నేను చెప్తాండా. పొద్దున ఇంకో డ్రైవరు ఆడే నింపుకొని పోయినాడు."

"నువ్వు చెప్తే పోతా," అని తిప్పేష్ ఇంజను స్టార్ట్ చేశాడు.

హేమావతి కంప్యూటరు ముందు కూర్చుని వెతికింది. రంగన్న మెసేజ్ నిన్ననే చేరింది. ఎవరూ చూడని చోట అలాగే పడి ఉంది. ప్రోగ్రాంలో నీళ్లకు సంబంధించిన ప్రతిదానికీ 'సోర్స్' అని ఒకటే పేరు. ఆ సోర్స్‌కు 'యాక్టివ్' అని ఒక గుర్తు. ఒప్పందాలు చూసే భాగంలో యాక్టివ్ అంటే బోరు యజమానితో ఒప్పందం నడుస్తోందని అర్థం. డ్రైవర్లకు దారి చూపే భాగంలో యాక్టివ్ అంటే నీళ్లున్నాయని అర్థం. రంగన్న పంపిన కబురు 'స్టేటస్' అనే మూడో చోటికి పోయింది. దారి చూపే భాగం ఆ వైపు తొంగి కూడా చూడదు. రంగన్న బోరు ఒప్పందం ఇంకా నడుస్తోంది. అందుకని ఎండిన బోరు దగ్గరికే ట్యాంకరు పోయింది.

ఆఫీసు కమలానగర్‌లో ఒక మందుల షాపు పైన ఉంది. దాన్ని నడిపేది సుమంత్. అనంతపురం పాతూరులో నూనె వ్యాపారం చేసే కుటుంబం వాళ్లది. సుమంత్ బెంగుళూరులో పెద్ద కంపెనీలో కొన్నేళ్లు పనిచేసి, సొంతంగా ఏదైనా పెట్టాలని తిరిగొచ్చాడు. ఈ ప్రోగ్రాం మొదటి అక్షరం నుంచి అతని చేతి మీదే పెరిగింది. పేర్ల విషయంలో అతనికి ఒక నియమం ఉండేది. ఇంటర్‌ఫేస్ అయితే పేరు ముందు 'ఐ' అని ఉండాలి, దాని పని చేసే క్లాస్ అయితే పేరు చివర, ఇంప్లిమెంటేషన్‌కు పొట్టిగా, 'ఇంప్ల్' అని ఉండాలి. క్లాస్ అంటే ప్రోగ్రాంలో ఒక వస్తువు ఎలా ఉంటుందో చెప్పే అచ్చు. ఇంటర్‌ఫేస్ అంటే ఫలానా పని చేసిపెడతానని ఆ వస్తువు ఇచ్చే మాట. అలా ఆ ప్రోగ్రాంలో 'ఐ-సోర్స్' అని ఒక మాట, 'సోర్స్-ఇంప్ల్' అని ఒక అచ్చు తయారయ్యాయి.

హేమావతి జరిగింది చెప్పగానే సుమంత్ తేలిగ్గా ఊపిరి వదిలాడు. "ఇంకో గుర్తు పెట్టేస్తే సరిపోతాది హేమా. 'ఖాళీ' అని. ఖాళీ అయినదాన్ని లెక్కలోంచి తీసేయమని చెప్పు. ఎంతసేపు పని?"

"అన్నా, ఇట్లాంటి గుర్తులు ముందే శానా పెట్టినాం. పెట్టిన ప్రతిదీ ఇంకోదానికి అడ్డం పడతాండాది. తప్పు పేరులో ఉండాది."

"పేరుకేమయింది?"

"సోర్స్-ఇంప్ల్ అంటే ఏందో చెప్పు. బోరా, ఊర్లో ఓవర్‌హెడ్ ట్యాంకా, బడి కాడి సంపా?"

"అన్నీ."

"అన్నీ అయినప్పుడు ఇంగ అది ఏదీ కాదు గదా. ముందర ఐ అని ఉంటే అది ఇంటర్‌ఫేసని తెలుస్తాది. ఏం మాట ఇస్తాండాదో తెలీదు. ఎనక ఇంప్ల్ అని తోక తగిలిస్తే అదేం వస్తువో తెలీదు."

సుమంత్ కుర్చీ వెనక్కి జరిపాడు. కోపం రాలేదు గానీ గొంతు పెరిగింది. "నేను బెంగుళూర్లో చేరిన కొత్తల్లో చూసినా. ఒక్కొక్కడు వాని ఇష్టమొచ్చినట్ల పేర్లు పెట్టుకుంటాండె. ఒకడు వాని కుక్కపిల్ల పేరు పెట్టినాడు. వాడు మానేసి పోయినాక ఆ కోడు ముట్టుకునేకి ఎవరికీ ధైర్యం చాలలేదు. వరస అంటూ ఉంటే రేపు కొత్తోళ్లు తడుముకోరు."

"వరస వద్దని నేననలేదన్నా. దాంతోపాటు అర్థం గూడా ఉండల్లంటాండా. నాకు రెండు దినాలియ్యి. వస్తువుల్ని వస్తువులుగా, మాటల్ని మాటలుగా విడదీస్తా."

"సోమవారం ఆదిలక్ష్మక్క కదిరి వైపు ట్యాంకర్లోళ్లను పిల్చుకొచ్చి మన పని చూపిస్తానంది. చుట్టాలు ఇల్లు చూసేకి వస్తాంటే నువ్వు పునాది తవ్వుతానంటావు."

"పునాదే గదా వంకరగా ఉండేది."

సుమంత్ నవ్వాడు గానీ ఒప్పుకోలేదు. ఖాళీ అనే గుర్తును ఆ మధ్యాహ్నం తనే రాసి పెట్టాడు. హేమావతి మొహం ముడుచుకోలేదు. "ఇది ఇంకోచోట పేలుతాది. యాడో ఇప్పుడే చెప్పలేను," అని మాత్రం చెప్పి తన పనిలో పడింది.

మరుసటి రోజే అది పేలింది.

ట్యాంకర్ల సంఘం అధ్యక్షురాలు ఆదిలక్ష్మి ఫోన్ చేయలేదు. ముదిగుబ్బ నుంచి బస్సెక్కి నేరుగా ఆఫీసుకే వచ్చింది. పెద్ద గొంతు, నిదానమైన నడక ఆమెవి. సంఘంలో మగవాళ్లే ఎక్కువైనా ఆమె మాటకు ఎదురుండదు. మెట్లెక్కి వచ్చి, ఇచ్చిన మంచినీళ్లు తాగి, గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ఏమప్పా సుమంతూ, అడుగంటిన ట్యాంకులకేమో ట్యాంకరు పోవడంల్యా. సగం నిండినదానికి మళ్లా పోయి పోస్తాండారు. మీ మిషన్‌కు ఉన్నోళ్ల మీదనేనా ప్రేమ?"

సుమంత్ కంప్యూటరు వైపు తిరిగాడు. ఊళ్లలో జనానికి నీళ్లు పంచే ఓవర్‌హెడ్ ట్యాంకులు కూడా ఆ ప్రోగ్రాంలో సోర్సులే. ఖాళీ అయిన సోర్సును లెక్కలోంచి తీసేయమని నిన్న అతను చెప్పాడు. ప్రోగ్రాం చెప్పినట్టే చేసింది. ఏ ఊరి ట్యాంకు పూర్తిగా ఎండిపోతే ఆ ఊరి పేరు డ్రైవర్ల ఫోన్లలోంచి మాయమవుతోంది.

"తప్పు నాదేక్కా," అన్నాడు. "హేమ నిన్ననే చెప్పింది. నేను వినలే."

ఆదిలక్ష్మి హేమావతి వైపు తిరిగింది. "నువ్వేం చెప్పినావమ్మా? నాకర్థమయ్యేట్ల చెప్పు."

హేమావతి తన కుర్చీని ఆమె దగ్గరికి లాక్కుంది.

"అక్కా, నీ ట్యాంకరును నింపేది బోరు. నీ ట్యాంకరు పోయి నింపేది ఊర్లో ట్యాంకును. ఒకటి ఇచ్చేది, ఒకటి తీసుకునేది. రెండింటికీ మేము ఒకే పేరు పెట్టినాం. ఖాళీ అయిన బోరు కాడికి పోగూడదు. ఖాళీ అయిన ట్యాంకు కాడికి ముందు పోవల్ల. పేరు ఒకటే అయ్యేసరికి మిషన్‌కు తేడా తెలీలేదు."

"ఇది చిన్నపిల్లోళ్లకు గూడా తెలుస్తాది గదా."

"తెలుస్తాది. మనకు చూస్తే తెలుస్తాది. మిషన్‌కు మనం పెట్టిన పేరే కన్ను. ఇంకోటి ఉండాదక్కా. నీళ్లున్నా బోరు బోరే, ఎండినా బోరే. అది వస్తువు. 'ట్యాంకరు నింపుతా' అనేది మాట. మా కోడులో ప్రతి బోరూ పుట్టినప్పుడే ఆ మాట ఇచ్చేసినట్ల రాసినాం. నేనేమంటానంటే, బోరు చూసుకునే మనిషి పొద్దున 'నింపుకోవచ్చు' అని కబురు పెడితేనే అది నడిచే బోరు అయితాది. ఆ మాట ఇచ్చేది నడిచే బోరే. ఉత్త బోరు కాడికి ట్యాంకరు పంపేట్ల ఎవరన్నా రాయబోయినా కంప్యూటరే ఒప్పుకోదు."

"మన సీమలో బోరు వేసినోళ్లంతా నీళ్లు పడతాయనే వేస్తారు," అంది ఆదిలక్ష్మి. "పడినాకనే గదా తెలిసేది. సరే, రెండు దినాలు మేము ఫోన్ల మీద నడుపుకుంటాం. మాకది కొత్త కాదు. సోమవారానికి అయితాదా?"

"అయితాది," అంది హేమావతి.

ఆదిలక్ష్మి వెళ్లిపోయాక సుమంత్, "అంత గట్టిగా చెప్పినావే," అన్నాడు.

"గట్టిగా తెలుసు కాబట్టి చెప్పినానన్నా."

హేమావతి ముందుగా సోర్స్-ఇంప్ల్‌ను ప్రోగ్రాంలోంచి పీకి పారేసింది. దాని చోట బోర్‌వెల్, ఓవర్‌హెడ్ ట్యాంక్, సంప్ అని విడివిడి క్లాసులు రాసింది. రాసిన కోడ్‌లో పొంతన లేని చోటల్లా ఎర్రగీత గీసే కంపైలర్ అనే పరికరం ఒకటి ఉంటుంది. అది తెరనిండా గీతలు గీసింది. సుమంత్ వంగి తెర చూశాడు.

"ఇన్ని తప్పులా!"

"కొత్తవి కాదన్నా. పాతవే. ఇన్ని దినాలూ ఒకే దుప్పటి కింద పండుకోనుండె. ఇప్పుడు దుప్పటి లాగినాం."

ప్రతి గీత దగ్గరా ఒక ప్రశ్న. ఇక్కడ మనకు కావలసింది బోరా, నీళ్లిచ్చేదా, నీళ్లు తీసుకునేదా? కొన్నింటికి హేమావతికి వెంటనే జవాబు తోచింది. కొన్నిచోట్ల ఆ ముక్క ఎందుకు రాశారో రాసిన మనిషికే తెలియాలి. సుమంత్ తన పని పక్కన పెట్టి వచ్చి కూర్చున్నాడు. అతనికి జ్ఞాపకం బాగా ఉంది. ఏ వరసను ఏ డ్రైవరు గొడవ పడితే రాశాడో కూడా చెప్పగలిగాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే పని ఊహించినదానికంటే వేగంగా నడిచింది.

పేర్ల దగ్గర మాత్రం పోట్లాట తప్పలేదు. ట్యాంకరు నింపే మాటకు సుమంత్ 'ఫిల్లబుల్' అన్నాడు.

"అంటే నింపేదా, నింపించుకునేదా?" అంది హేమావతి.

ఆ పేరుతో మళ్లీ మొదటికే వచ్చేవాళ్లు. చివరికి నీళ్లిచ్చేవాటికి 'ఫిల్స్-ట్యాంకర్' అని, తీసుకునేవాటికి 'టేక్స్-వాటర్' అని ఖాయం చేశారు. వస్తువుకు వస్తువు పేరు, మాటకు అది చేసే పని పేరు. ముందర ఐ వద్దు, ఎనక ఇంప్ల్ వద్దు. బడి సంపుకు రెండు మాటలూ ఇచ్చారు. అది ట్యాంకరు నుంచి నీళ్లు తీసుకుంటుంది, అవసరమైతే చిన్న ట్యాంకర్లకు ఇస్తుంది.

నడిచే బోరుకు హేమావతి పెట్టిన ఇంగ్లీషు పేరు తెరలో సగం వరకూ సాగింది. సుమంత్ దాన్ని పైకి చదువుతూ మధ్యలో ఊపిరి తీసుకున్నాడు. "పేరు పెట్టమంటే కథ రాసినావే! దీన్ని రేపు ఎవరు వెతుక్కుంటారు? 'రన్నింగ్ బోర్‌వెల్' చాలు. ముందు గుణం, తర్వాత వస్తువు. అన్నింటికీ అదే వరస పెట్టు, వెతికేకి సులభం."

అతను చెప్పింది నిజమే. హేమావతి మారుమాట్లాడకుండా మార్చింది.

వంక ఇసుకలో తవ్వుకునే చెలమల దగ్గర మళ్లీ చిక్కు వచ్చింది. ట్యాంకరు ఆలస్యమైతే జనం చెలమలో ఊరిన నీళ్లు తోడుకుంటారు. ఏ ఊరికి ఆ దిక్కు ఉందో ప్రోగ్రాంకు తెలియాలి. సుమంత్ దానికి ఎప్పుడో 'టెంపరరీ పిట్' అని రాసి ఉన్నాడు. హేమావతి దాన్ని కొట్టేసి, ఇంగ్లీషు అక్షరాల్లోనే 'చెలమ' అని రాసింది.

"క్లాసుల పేర్లు ఇంగ్లీషులో ఉండల్ల," అన్నాడు సుమంత్. "రేపు ఒరిస్సా నుంచి ఎవరన్నా వచ్చి చేరితే?"

"చెలమ అంటే ఏమని అడుగుతాడు. ఒక్క మాటలో చెప్తాం. టెంపరరీ పిట్ అని ఉంటే అడగడు. తెలిసిందనుకుంటాడు. అడిగేవానితో భయంల్యా. తెలిసిందనుకునేవానితోనే భయం."

"బెంగుళూర్లో మా పెద్దసారుకు ఈ మాట చెప్పుంటే బాగుండె," అని, "చెలమ అనే రాయి," అన్నాడు సుమంత్.

మధ్యాహ్నం సంగటి తింటుండగా మారెక్క ఫోన్ చేసింది. తిప్పేష్ ఆ రెండు రోజులూ ఫోన్లలో కనుక్కుని ఊరికి నీళ్లు తోలుతూనే ఉన్నాడు.

"ఏం చేస్తాండావు పాపా?"

"పేర్లు మారుస్తాండామా."

"ఎవరి పేర్లు?"

"బోర్లవి, ట్యాంకులవి."

"పేరు మారిస్తే నీళ్లొస్తాయా?"

"రావల్సిన తావుకు వస్తాయి," అంది హేమావతి. మారెక్క నవ్విందో, నమ్మిందో ఫోన్లో తెలియలేదు. బాగా తినమని చెప్పి పెట్టేసింది.

ఆదివారం సాయంత్రానికి ఎర్రగీతలన్నీ పోయాయి, ఒక్కటి తప్ప. దారి చూపే భాగంలో ఎక్కడో అడుగున ఒక ముక్క ఉంది. నీళ్లిచ్చేది ఏదీ దొరక్కపోతే వరసలో మొదటి బోరుకు పంపేయమని దాని సారాంశం. ఇప్పుడు ఉత్త బోరుకు ట్యాంకరును పంపడానికి కంపైలర్ ఒప్పుకోవడం లేదు.

సుమంత్ తల పట్టుకున్నాడు. "ఇది నేను మొదట్లో, ఏదో ఒకటి కనబడాలని రాసి పెట్టినా. తీసేస్తామనుకొని మర్చిపోయినా. ఇన్ని దినాలు ఇట్లనే నడిచిందా!"

"నడిచింది. ఎవరికీ కనబడలేదు."

"సరే, ఇప్పుడు యాడా నీళ్లు లేకుంటే ఏం చెయ్యల్ల?"

"ఆదిలక్ష్మక్కకు ఫోన్ పోవల్ల. లేనిదాన్ని మిషన్ ఊహించి చెప్పగూడదు."

ఆ ముక్క తీసేసి కబురు పోయేలా రాశారు. చివరి గీత పోయింది. సుమంత్ లేచి ఒళ్లు విరుచుకుని, కింద అంగడి నుంచి టీ తెప్పించాడు.

సోమవారం పొద్దున ఇద్దరూ ముదిగుబ్బ చేరారు. ఆదిలక్ష్మి ఇంటి ముందున్న ట్యాంకర్ల షెడ్డులో గోడకు పెద్ద టీవీ తగిలించారు. కదిరి వైపు నుంచి వచ్చిన ట్యాంకర్ల వాళ్లు కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్లకు పెద్ద ఈశ్వరప్ప. మెడలో తువ్వాలు, చూపులో అనుమానం.

బోర్ల దగ్గరి మనుషులు ఒక్కొక్కరే కబురు పెడుతుంటే టీవీ మీద బోర్లు ఒక్కొక్కటే పచ్చగా వెలిగాయి. తిప్పేష్ ఫోన్‌కు దారి వచ్చింది. అతను అందరికీ ఫోన్ చూపించి బండెక్కాడు. ఈశ్వరప్ప టీవీ దగ్గరికి వచ్చి ఒకచోట వేలు పెట్టాడు.

"ఈడ ఓబులేసు చూసుకునే బోరు ఉండల్లే. ఈ చుట్టుపక్కల దానంత నీళ్లు ఇంకోదాంట్లో లేవు. మా బండ్లు గూడా పోయిన ఎండాకాలం ఆడే నింపుకున్నాయి. మీ మిషన్‌కు అది కనపడలేదా?"

కుర్చీల్లో కొందరు నవ్వారు. సుమంత్ హేమావతి వైపు చూశాడు.

"కనపడకపోవడం కాదన్నా," అంది హేమావతి. "ఆ బోరు ఉండేది మిషన్‌కు తెలుసు. నింపుకోవచ్చని పొద్దున్నుంచి కబురు రాలేదు. మాట రాందే దాని కాడికి ట్యాంకరు పంపదు."

"కబురు పెట్టడం మర్చిపోతే? నీళ్లు పెట్టుకొని పొరుగూరికి పోవల్లనా?"

"మర్చిపోయినాడేమో ఇప్పుడే అడుగుదాం."

ఆదిలక్ష్మి అందరికీ వినబడేలా స్పీకరు పెట్టి ఓబులేసుకు ఫోన్ చేసింది. అటువైపు నుంచి ఇనుప గొట్టాల చప్పుడు వినిపించింది.

"ఏమప్పా ఓబులేసూ, కబురు పెట్టలేదే? నీళ్లు లేవా?"

"నీళ్లకేమక్కా, నిండుగా ఉండాయి. మోటరే కాలిపోయింది. పైకి తీస్తాండాం. ట్యాంకర్లు గిన పంపేరు, ఈ పొద్దు నింపేకి కాదు."

షెడ్డులో నవ్వులు ఆగిపోయాయి. మోటరు కాలిపోయే సంగతి హేమావతికి గానీ సుమంత్‌కు గానీ తోచలేదు. దాని కోసం వాళ్లు ఒక్క అక్షరం కూడా రాయలేదు. నీళ్లున్నాయా అని అడిగి ఉంటే ఓబులేసు ఉన్నాయనే చెప్పేవాడు, బండ్లు పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చేవి. వాళ్లు పెట్టిన పేరు అడిగింది వేరే. ట్యాంకరు నింపుతావా అని అడిగింది. ఆ ప్రశ్నకు ఓబులేసు అవునని చెప్పలేడు, అందుకే కబురు రాలేదు.

ఈశ్వరప్ప తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఎండాకాలంలో మోటర్లు కాలేది మాకు మామూలే," అన్నాడు మెల్లగా. "పోయినాక తెలుస్తాండె. పోకముందే తెలిస్తే ఒక దినం మిగుల్తాది." తర్వాత ఆదిలక్ష్మి వైపు తిరిగాడు. "అక్కా, మా వైపు గూడా పెట్టించు."

కొండకిందపల్లికి ఆ పొద్దున నీళ్లు వేళకే చేరాయి. ఆ తర్వాత మే నెలలో రెండు మండలాల్లోనూ చాలా బోర్లు ఎండిపోయాయి. నీళ్లు తక్కువయ్యాయి గానీ, ఎండిన బోరు దగ్గరికి పోయిన ట్యాంకరు లేదు. రెండుసార్లు ఎక్కడా మాట ఇచ్చే బోరే దొరకలేదు. ఆ రెండుసార్లూ ఆదిలక్ష్మికి ఫోన్ పోయింది. ఆమె తాడిపత్రి వైపు తెలిసినవాళ్లతో మాట్లాడి నీళ్లు తెప్పించింది.

జూన్‌లో ఆఫీసుకు కొత్త పని వచ్చింది. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే ఒక యూనిట్ వాళ్లు తమ పనికి సాఫ్ట్‌వేర్ కావాలన్నారు. సుమంత్, హేమావతి పొద్దున బస్సుకు బయల్దేరారు. ల్యాప్‌టాప్‌లు తెరవకుండా మొదటి రోజంతా యూనిట్‌లో తిరిగి, జనం ఏ వస్తువును ఏమంటారో వినాలని బస్సులోనే అనుకున్నారు. సూపర్‌వైజరు గంగాదేవి వాళ్లను వెంటబెట్టుకుని తిప్పింది. మిషన్ల రొదలో గట్టిగా అరిచి మాట్లాడే అలవాటు ఆమెది.

కటింగ్ బల్ల దగ్గర డెనిమ్ గుడ్డను పొరలు పొరలుగా కోస్తున్నారు. "ఈడ పీసులు కోస్తారు," అంది గంగాదేవి. కోసిన ముక్కల్ని మిషన్ల వరసలోకి తీసుకుపోయి కుడుతున్నారు. చివర్లో ఇస్త్రీ చేసి మడతపెట్టిన ప్యాంట్ల దొంతర చూపిస్తూ, "ఈడికొచ్చేసరికి పీసు తయారు," అంది.

హేమావతి నోరు తెరిచేలోపే సుమంత్ ఆగిపోయాడు.

"ఒక్క నిముషం అక్కా. ఆడ కోసింది గూడా పీసే, ఈడ మడతపెట్టింది గూడా పీసేనా?"

"అవును. పీసు పీసే గదప్పా," అంది గంగాదేవి, ఈ మాత్రం తెలియదా అన్నట్టు.

సుమంత్, హేమావతి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మిషన్ల రొదలో ఇద్దరి నవ్వూ ఎవరికీ వినబడలేదు. గంగాదేవికి మాత్రం నవ్వు కనబడింది. "ఏమయిందప్పా?" అని గట్టిగా అడిగింది.

"ఏమీ కాలేదక్కా," అన్నాడు సుమంత్. "మళ్లా మొదటికి పోదాం రా. కటింగ్ బల్ల కాడి నుంచి ఒక్కొక్కదాన్నే చూపించు. ఇంగ ఏమేంది పీసు అంటారో, ఏమేంది అనరో అన్నీ చెప్పు."

గంగాదేవి వాళ్లిద్దరినీ వింతగా చూసి, చీర కొంగు నడుముకు బిగించి, కటింగ్ బల్ల వైపు తిరిగి నడిచింది.